నలభై తొమ్మిది మార్కులు

"టీ దేంట్లో పొయ్యమంటావు మే, దోసిట్లోనా?"

జేజి అరుపు వంటింట్లోంచి వీధరుగు దాకా వినిపించింది. అరుగు మీద చిట్టమూరు నుంచి వచ్చిన పెండ్లివాళ్లు వలీమా విందు వంట మాట్లాడుకోవడానికి కూర్చుని ఉన్నారు. లోపల గ్లాసుల అర ఖాళీ. గాజు గ్లాసులన్నీ కిటికీ గట్టెక్కి కూర్చున్నాయి. ఒక్కొక్క గ్లాసు నోట్లో ఒక్కొక్క ఎర్రగడ్డ. దాని అడుగు నుంచి తెల్లటి వేర్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి.

"స్టీలు గ్లాసుల్లో పొయ్యి జేజీ. టీ తాగేదానికి వచ్చినారా, గ్లాసులు చూసేదానికి వచ్చినారా?" అంది సాహిరా, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"బిర్యానీ మాస్టరు ఇంటికి వచ్చి స్టీలు గ్లాసులో టీ తాగినామని ఊరంతా చెప్పుకుంటారు. మీ నాయన పరువు నీకు ఆటగా ఉండాది."

"ఈ ఇంట్లో ఎర్రగడ్డల్ని కొయ్యేదే చూసినా ఇన్నాళ్లూ. పెంచేది ఇప్పుడే చూస్తాండా," అన్నాడు సాహిరా అన్న అక్రమ్, గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటూ. "పేర్లు గూడా పెట్టినావా సాహిరా వీటికి?"

సాహిరా పేజీ తిప్పింది. జేజి మాత్రం మాటలతో ఆగే మనిషి కాదు. ఒక ఎర్రగడ్డను పిలక పట్టుకుని పైకి లాగింది. "వద్దు జేజీ!" అని సాహిరా ఒక్క ఉదుటున లేచి ఆ చెయ్యి పట్టుకుంది. ఎర్రగడ్డ ఒకవైపు, గ్లాసు ఒకవైపు పడ్డాయి. గ్లాసు భళ్లుమని పగిలింది.

అరుగు మీద మాటలు ఆగిపోయాయి.

"ఏముంది మే దాంట్లో అంత చూసేదానికి?" అంది జేజి, గొంతు తగ్గించి.

"ఏమీ లేదు జేజీ. ఏమీ కనిపించదు. అదే నా ఏడుపు."

సాహిరా అమ్మ రషీదా చీపురు తెచ్చి గాజు పెంకులు ఊడ్చింది. ఇద్దరిలో ఎవరినీ ఏమీ అనలేదు. ఈ గొడవ గ్లాసుల గురించి కాదని ఆమెకు తెలుసు. కూతురు హేచరీ నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. చెప్పులు విడిచిన చోటు గురించి, ఫ్యాను గురించి, పప్పులో ఉప్పు గురించి మాత్రమే పోట్లాడుతోంది.

ఆ రోజు సంగతి రషీదాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. సముద్రం వైపు ఉన్న రొయ్య పిల్లల హేచరీలో ల్యాబు పనికి మనిషి కావాలంటే సాహిరా వెళ్లింది. బీయస్సీ ఆఖరి సంవత్సరం, పోయినేడు ప్రాక్టికల్స్‌లో యాభైకి నలభై తొమ్మిది. ల్యాబు చూసే కరుణాకుమారి అనే ఆమె ఆ మార్కులు చూసి సంబరపడి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "ఈ రొయ్య పిల్ల పొట్టలో మేత ఉందో లేదో చెప్పమ్మా," అందట. సాహిరాకు కనిపించింది తన కనురెప్పల వెంట్రుకలే. ఏ మర తిప్పాలో తెలియక ఒకటి తిప్పితే, లెన్సు దిగివచ్చి కిందున్న గాజు పలకను చిట్లగొట్టింది. కరుణాకుమారి తిట్టలేదు. "కాలేజీలో మీకు ఇది చూపించలేదా?" అని అడిగింది. సాహిరా నిజం చెప్పింది. మా ల్యాబు తాళం తీయరు మేడం, అంది. "నేర్చుకుని రా అమ్మా, చేర్చుకుంటాం," అని ఆమె పంపేసింది.

మర్నాడు సాహిరా తరగతిలో లేచి నిలబడి, పరీక్షల లోపల ల్యాబు తెరవండి సార్ అని అడిగింది. అడిగిన దానికి జవాబు బోటనీ సారు నుంచి తండ్రికి ఫోను రూపంలో వచ్చింది.

"నువ్వే గదా దానికి నేర్పించినావు," అంది జేజి, కోడలి వైపు తిరిగి. "ముందు బెంచీలో కూర్చో, తెలీకపోతే అడుగు, కాలేజీ ఇచ్చేదంతా తెచ్చుకో అని. అడిగింది. తెచ్చుకుంది."

సాహిరా తండ్రి దరియావలి లోపలికి వచ్చాడు. పెండ్లివాళ్ల ముందు నవ్విన నవ్వు ఇంకా మొహం మీద ఆరలేదు. "చిన్న గోలకే గ్లాసులు పగలగొడతారా? సాహిరా, బయల్దేరు. ఆనందబాబు సారు మనకోసం కూర్చోనుంటాడు. పెద్ద మనిషి. మంచిగా ఒక మాట చెప్పేసి వద్దాం."

"నేనూ వస్తా," అంది రషీదా.

"నువ్వెందుకు?"

"బిడ్డ నాకు గూడా బిడ్డే గదా," అని ఆమె చీపురు మూల పెట్టి చీర మార్చుకోవడానికి వెళ్లింది.

*

గూడూరులో ఆ కాలేజీ మేడ మీద బోటనీ వాళ్ల గది. దానికి ఎదురుగా ల్యాబు. తలుపుకు చెయ్యంత తాళం. గుమ్మానికి ఎప్పుడో ఇన్‌స్పెక్షన్ రోజున కట్టిన ఎర్ర రిబ్బను ముక్క ఇంకా వేలాడుతోంది. రషీదా కిటికీ ఊచల్లోంచి లోపలికి చూసింది. బల్లల మీద వార్షికోత్సవం ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు. వాటి వెనక గోడ వారగా చెక్కపెట్టెలు. ఒక పెట్టె తలుపు తెరిచి ఉంది. అందులో మైక్రోస్కోపు ప్లాస్టిక్ కవరు కప్పుకుని కొత్త పెండ్లికూతురిలా కూర్చుని ఉంది.

"రండి మాస్టర్, రండి! అమ్మగారు కూడా వచ్చారే!" ఆనందబాబు లేచి నిలబడ్డాడు. నలభై ఐదేళ్ల మనిషి. గొంతులో ఎక్కడా కోపం లేదు. రషీదాకు అదే నచ్చలేదు. కోప్పడే మనిషితో అయితే మాట్లాడొచ్చు.

గదిలో ఇంకో ఇద్దరు లెక్చరర్లు పేపర్లు దిద్దుకుంటూ ఉన్నారు. టీ వచ్చింది. సాహిరాను కూర్చోమని ఎవరూ అనలేదు.

"మన అమ్మాయి బంగారం మాస్టర్. చదువుతుంది. కాదనను. నోరే కొంచెం ఎక్కువ. హేచరీకి పోయి మా కాలేజీలో ల్యాబు తెరవరు అని చెప్పిందంట. ఆ హేచరీ ఓనరు, మా కరస్పాండెంటు గారు పొద్దున్నే కలిసి నడుస్తారు. నడకలో ఈ మాట వస్తే ఎట్లా ఉంటుంది చెప్పండి?"

"నేను అబద్ధం చెప్పలేదు సార్," అంది సాహిరా.

"చూశారా? ఇదీ నేననేది."

"గమ్మునుండు," అన్నాడు దరియావలి కూతురితో. "చిన్నపిల్ల సార్. తెలీక అనింది."

రషీదా టీ కప్పు కింద పెట్టింది. "ఆ తాళం ఎప్పుడు తీస్తారు సార్?"

"ఏ తాళం అమ్మా?"

"ఎదురుగా ఉండే తాళం."

ఆనందబాబు నవ్వాడు. "తీస్తాం అమ్మా. ఇన్‌స్పెక్షన్‌కి తీస్తాం, పరీక్షకి తీస్తాం. మధ్యలో తీస్తే పిలకాయల చేతులు ఊరకుంటాయా? అన్నీ కొత్తవి. ఇంకా కవర్లు కూడా విప్పలేదు. ఒక్కటి పాడైతే మళ్లీ శాంక్షన్ చేయించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది."

కవర్లు విప్పలేదన్న మాట ఆయన గర్వంగానే చెప్పాడు.

"నేను ఇంటర్మీడియట్ సర్కారు కాలేజీలో చదివినా సార్," అంది రషీదా. "వానొస్తే బల్లలు పక్కకు జరుపుకునేవాళ్లం. ముప్ఫై మందికి రెండే మైక్రోస్కోపులు. అయినా మా మేడం ఎర్రగడ్డ పొర వలిపించి ప్రతి ఒక్కదాని చేతా చూపించింది. ఇటికెలు పేర్చినట్టు కనిపించింది. నాకు ఇప్పటికీ కండ్లలో ఉంది. నేను ఇంటర్‌లో చూసింది నా బిడ్డ డిగ్రీ అయిపోవస్తా ఉన్నా చూడలేదు."

"అప్పటి రోజులు వేరమ్మా. ఇప్పుడంతా ఫోన్లో ఉంది. వీడియో పెట్టుకుంటే ఆ ఇటికెలు రంగు రంగులుగా కనిపిస్తాయి."

"ఫోన్లో చూసి నేర్చుకున్నోడ్ని పెండ్లి వంటకు పిలుస్తారా సార్ మీరు?"

పేపర్లు దిద్దే లెక్చరర్లలో ఒకాయన పెన్ను ఆగింది. దరియావలి భార్య వైపు చురచురా చూశాడు.

ఆనందబాబు ఇబ్బంది పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, రషీదాను వదిలేసి దరియావలితో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"పెద్ద విషయం కాదు మాస్టర్. సోమవారం క్లాసులో అందరి ముందు ఒక సారీ చెప్పేస్తుంది, అయిపోతుంది. బుధవారం ప్రాక్టికల్స్. నెల్లూరు నుంచి ఎక్స్‌టర్నల్ వస్తున్నాడు. మార్కులు వేసేది ఆయనే. తిండి రుచి తెలిసిన మనిషి. మీ బిర్యానీ డేగిసా ఎప్పటిలాగే రావాలి."

"వస్తుంది సార్. అది చెప్పాల్నా?" అన్నాడు దరియావలి. రెండేళ్లుగా ప్రాక్టికల్స్ రోజున ఆయన బిర్యానీ వండి పంపుతున్నాడు. బిడ్డ చదివే చోటు అని, చదువుకున్న పెద్దవాళ్లు తన చేతి వంట తింటారని, ఆ రోజు పెండ్లి వంట కంటే శుభ్రంగా స్నానం చేసి మరీ పొయ్యి ముట్టిస్తాడు.

"పోయినేడు వచ్చినాయన ఏం చేశాడో తెలుసా?" ఆనందబాబు గొంతులో హుషారు వచ్చింది. "చెయ్యి కడుక్కోకుండానే మార్కుల షీటు తెమ్మన్నాడు. ఈ బిర్యానీ వండినాయన కూతురు ఎవరయ్యా అని అడిగి మరీ యాభై వెయ్యబోయాడు. నేనే ఆపినా. మరీ యాభై అంటే బాగుండదు సార్, ఒకటి తగ్గించండి అని!"

లెక్చరర్లిద్దరూ నవ్వారు. దరియావలి కూడా నవ్వాడు. వంట బాగుందని ఎవరన్నా నవ్వడం ఆయనకు అలవాటు. ఆ నవ్వు సగంలో ఎక్కడో తట్టుకుని నిలిచిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు.

రషీదా భర్తను చూడలేదు. కూతుర్ని చూసింది. సాహిరా చెవులు ఎర్రబడి ఉన్నాయి. చున్నీ కొసను వేలికి బిగించి చుట్టుకుంటోంది.

"సార్," అంది రషీదా. తన గొంతు అంత నిమ్మళంగా ఉండటం ఆమెకే వింతగా తోచింది. "పోయినేడు మా పాపకు ఏ ప్రయోగం వచ్చింది?"

"అదంతా గుర్తుంటుందా అమ్మా, ఇంతమంది పిల్లల్లో?"

"నాకు గుర్తుంది సార్," అంది సాహిరా. "చీటీ తీసినా. ఎర్రగడ్డ వేరు కొసలో కణాలు విడిపోయేది చూపించమని వచ్చింది. వేరు యాడుంది సార్ అని అడిగినా. వేరెందుకు, బొమ్మ గియ్యి అన్నారు. సీనియర్ల రికార్డులో చూసి నేర్చుకున్న బొమ్మే గీసినా. మేం గీసిందానికి, సీనియర్లు గీసిందానికి, వాళ్ల సీనియర్లు గీసిందానికి తేడా లేదు సార్. ఎవరూ ఆ వేరు చూడలేదు."

ఆనందబాబు టీ కప్పు పక్కకు జరిపాడు.

"సోమవారం," అన్నాడు ఆనందబాబు. ఈసారి నవ్వలేదు. "మాస్టర్, హాల్ టికెట్లు నా టేబుల్ సొరుగులోనే ఉంటాయి. మీకు అన్నీ తెలుసు."

*

తమ ఊరు కోటకు వచ్చే బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు. దిగాక దరియావలి ఇంటికి రాకుండా వంటసామాన్ల షెడ్డు వైపు నడిచాడు.

సాయంత్రం రేవతి వచ్చింది. సాహిరాతో ఒకే బెంచీలో కూర్చునే పిల్ల. వాళ్ల నాయన హజరత్తయ్య వరి పండించే రైతు. ఎప్పుడొచ్చినా ముందు జేజిని పలకరించి, రషీదా చేతి టీ అడిగి తాగేది. ఈసారి గుమ్మంలోనే నిలబడింది.

"సోమవారం సారీ చెప్తావా, చెప్పవా?"

"లోపలికి రా ముందు," అంది సాహిరా.

"రాను. చెప్పు."

"దేనికి చెప్పాల? ల్యాబు తెరవమని అడిగిన దానికా? నువ్వు గూడా నా పక్కన కూర్చోని అవునవునని తల ఊపినావు గదా."

"ఊపినా. లేచి నిలబడలేదు గదా!" రేవతి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి వచ్చిందో, బస్సు కిటికీ గాలికో తెలియలేదు. "సారు మధ్యాహ్నం క్లాసుకొచ్చి ఏమన్నాడో తెలుసా? సరే, మీ అందరికీ నిజంగానే పరీక్ష పెడతా, చెయ్యండి చూద్దాం అన్నాడు. ఎవరికి వచ్చు మే చెయ్యను? నీకు వచ్చా?"

సాహిరా తల దించుకుంది.

"నాకు బీఎడ్ రాయాల. మా నాయన ఈ కారు పంటతో పొలం కౌలుకిచ్చేస్తానంటా ఉండాడు, నడుం పని చెయ్యడం లేదని. నాకు టీచరు ఉద్యోగం వస్తుందని చూస్తా ఉండాడు. నీకు నేర్చుకోవాలని ఉంది. నాకు గట్టెక్కాలని ఉంది. నీ నేర్చుకునే దానికి నన్ను ముంచొద్దు."

"టీచరై ఏం చెప్తావు పిలకాయలకు? బొమ్మ గియ్యండి అనా?"

అన్న తర్వాత సాహిరాకే ఆ మాట పదును తగిలినట్టుంది. చెయ్యి చాచింది. రేవతి అందుకోలేదు.

"మీ నాయన డేగిసా పంపిస్తాడు. నీకు నలభై తొమ్మిది వస్తాయి. మాకు ఎవురు పంపిస్తారు మే?" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

లోపల చాటలో బియ్యం ఏరుతున్న రషీదా చేతులు ఆగిపోయాయి. అంటే ఈ మాట పిల్లలందరికీ తెలుసు. తమ ఇంట్లో వాళ్లకే తెలియదు. ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. తాళం వేసి కూర్చున్నవాడు హాయిగా టీ తాగుతున్నాడు. తాళం బయట నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటున్నారు. ఇదెక్కడి న్యాయం? ఒక్క పెట్టె కవరు విప్పితే పోయేదానికి ఇంత నాటకమా? రేవతి చెప్పిందాంట్లో తప్పేముంది? సాహిరా అడిగిందాంట్లో తప్పేముంది?

ఆమె బియ్యం చాట పక్కన పెట్టి కూతురి దగ్గరకు వెళ్లింది. సాహిరా కిటికీ గట్టు దగ్గర నిలబడి ఉంది. గ్లాసుల్ని ఒక్కొక్కటే ఖాళీ చేసి, కడిగి, అరలో పెడుతోంది.

"ఏమ్మా, ఎందుకు తీసేస్తాండావు?"

"జేజికి టీ కావాలంట గదమ్మా," అంది సాహిరా. రషీదాకు ఆ జవాబు పొద్దుటి పోట్లాట కంటే ఎక్కువ భయం కలిగించింది.

*

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తినడం ఆ ఇంటి పద్ధతి. రషీదా దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, అన్నం, చేపల పులుసు, గోంగూర పప్పు తెచ్చి పెట్టింది. దరియావలి టోపీ తీసి మోకాలి పక్కన పెట్టుకున్నాడు. ముద్ద కలిపాడు గాని నోటికి ఎత్తలేదు.

"నాయనా, మాంసం కొట్టు ఆయన అడుగుతా ఉండాడు. బుధవారం డేగిసాకి పొట్టేలు చెప్పాల్నా వద్దా?" అన్నాడు అక్రమ్.

"వద్దు."

అందరూ తలెత్తారు.

"వండను," అన్నాడు దరియావలి. "ఆ మార్కుల కాగితం వచ్చిన రోజు వీధి వీధంతా తిరిగి మైసూరుపాకు పంచినా. మసీదు చూసుకునే ముతవల్లిని ఆపి మరీ చెప్పినా, నా బిడ్డకు నలభై తొమ్మిది అని. అది నా బిడ్డ చదువుకా, నా మసాలాకా? నా ఎదురుగానే చెప్పి నవ్వినాడు. నేను గూడా నవ్వినా. ముప్ఫై ఏండ్లు పొయ్యి కాడ నిలబడినా, ఎవురి కాడా ఒక్క మాట పడలేదు. నా చేత్తో వండిన కూడుతో నా బిడ్డ చదువును ఎంగిలి చేసినారు. పెద్దోళ్లు తింటారని నేను సంబరపడినా."

జేజి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తిను నాయనా, అన్నం ముందర ఆ మాటలొద్దు."

"నువ్వు వండకపోతే ఇంకొకడు వండతాడు," అన్నాడు అక్రమ్. "గూడూరులో మాస్టర్లకు కరువా? ఆ ఎక్స్‌టర్నల్ అట్నే తింటాడు, అట్నే వేస్తాడు. సాహిరాకు మాత్రం సున్నా వేస్తాడు. మనం మానుకుంటే వాళ్లకు పోయేదేముంది?"

అది నిజమే. రషీదా కూడా రాత్రంతా అదే అనుకుంది. వండితే సిగ్గు, వండకపోతే దండగ. గరిటెతో పులుసు కలుపుతూ, ఎవరికీ వడ్డించకుండా కూర్చుంది.

దరియావలి ముద్దను కంచంలోనే వదిలేశాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది. పెద్ద వంటల్లో నీళ్లు ఎక్కువైనప్పుడో, మంట తగ్గినప్పుడో కేకలు వేయడం మానేసి ఒక్క నిమిషం అట్లా నిలబడిపోతాడు. ఆ తర్వాత ఏదో ఒకటి చేస్తాడు.

"వండతా," అన్నాడు.

"ఇప్పుడే గదా వద్దన్నావు?" అంది జేజి.

"వండతా. మైదా ముద్దతో మూత బిగించి దమ్ము పెడతా. నేనే ఎత్తుకోని పోయి ఆ ల్యాబు గుమ్మంలో దించుతా. నేను బిగించిన మూత నేను తీస్తేనే తీసినట్టు. ఎంత పెద్ద షావుకారు పెండ్లి అయినా, నేను వచ్చి పిండి పగలగొట్టేదాకా ఎవురూ డేగిసా మీద చెయ్యి వెయ్యరు. ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు ఆ సంగతి. బుధవారం గూడా అంతే. తాళం తియ్యాల, కవర్లు విప్పాల, పిలకాయలు ఒక్కొక్కరే కూర్చోని చేసి చూపించాల. అప్పుడు పగలగొడతా పిండి. అందాకా ఎక్స్‌టర్నల్ గానీ ప్రిన్సిపాల్ గానీ వాసన చూస్తా కూర్చోవాల్సిందే."

అక్రమ్ ఫక్కున నవ్వాడు. జేజి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రషీదాకు నిన్నటి నుంచి మొదటిసారి గుండె కొంచెం తేలికపడింది.

సాహిరా నవ్వలేదు.

"నాయనా, అట్లా చేస్తే అందరం ఫెయిలవతాం."

"ఎందుకవతారు?"

"మాకెవరికీ రాదు నాయనా. తాళం తీసి ముందర పెట్టి చెయ్యమంటే, ఒక్కరికి గూడా రాదు. రేవతికి రాదు. నాకు రాదు. హేచరీలో నా సంగతి ఏమైందో తెలుసు గదమ్మా నీకు." ఆమె తల్లి వైపు తిరిగింది. "సారు కోరుకునేది గూడా అదే. చూడండి, తెరిస్తే మీకే నష్టం అని."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. దరియావలి కూతురి మొహంలోకి, తర్వాత భార్య మొహంలోకి చూశాడు. తాళం వేసినవాడు దొంగ అని మాత్రమే అందరూ అనుకున్నారు. లోపల పోగొట్టుకున్న సొమ్ము ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

"అయితే ఏం చెయ్యమంటావు చెప్పు," అన్నాడు దరియావలి. అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. "సారీ చెప్తావా?"

"చెప్పను."

సాహిరా చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. రషీదా చేతిలోంచి గరిటె తీసుకుని తండ్రి కంచంలో పులుసు వడ్డించింది.

"రేవతి వాళ్ల అవసరం వాళ్లది. వాళ్ల జోలికి నువ్వు పోవద్దు నాయనా. వాళ్లు బొమ్మ గీసుకోనీ. మూత నా ఒక్కదాని కోసం బిగించు. నన్ను ఒక్కదాన్ని మైక్రోస్కోపు ముందర కూర్చోబెట్టమని ఎక్స్‌టర్నల్‌ను నేనే అడుగుతా. హాల్ టికెట్టు ఇయ్యకపోతే ఆ డేగిసా పక్కనే నిలబడి అడుగుతా. నా పరీక్ష అయ్యేదాకా తియ్యొద్దు."

"నీకు రాదని నువ్వే అంటివి గదా!"

"రేపట్నుంచి కాలేజీకి పోను. హేచరీకి పోతా. నేర్చుకుని రమ్మన్నారు గదా కరుణాకుమారి మేడం. మీరే నేర్పించండి మేడం, జీతం వద్దు, గాజు పలకలు కడిగి పెడతా, బుధవారం లోపల ఒక్కసారి కండ్లతో చూడనీండి అని అడుగుతా."

"ఆ ఓనరు మీ కరస్పాండెంటుతో వాకింగ్ చేసే మనిషి మే," అన్నాడు అక్రమ్. "గేటు కాడే ఆపేస్తారు."

"ఆపితే గేటు కాడ నిలబడతా."

"నేర్పించరనుకో," అంది జేజి. ఆమె గొంతులో నిన్నటి ఎగతాళి లేదు. "బుధవారం వచ్చేస్తుంది. అప్పుడేం చేస్తావు తల్లీ?"

"అప్పుడు అందరి ముందరా ఫెయిలవతా జేజీ. ఆ నలభై తొమ్మిది నాది కాదు. ఈ సున్నా అయినా నాది."

ఆపాలనో, ఆశీర్వదించాలనో తెలియక రషీదా కూతురి వీపు మీద చెయ్యి వేసింది.

దరియావలి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, కొడుకు వైపు తిరిగాడు.

"మాంసం కొట్టుకు ఫోను చెయ్యి. బుధవారం వండతాండామని చెప్పు."